దత్తమండలంలో చదువు కథ – 9: అయ్యవార్లకు పాఠం చెప్పిందెవరు?

కిందటి భాగంలో ధాత కరువు (1876–78) దగ్గర ఆగాం. 1871కీ 1881కీ నడుమ బళ్లారి జిల్లా జనాభాలో ఐదో వంతు తరిగిపోయిన కథ అది. రాయదుర్గం అప్పుడు ఆ జిల్లాలోని తాలూకా. ఊళ్లే పాడుబడిన చోట బడి ఎలా నిలుస్తుంది? ఈ భాగంలో బడి మళ్లీ లేచి నిలబడిన కాలానికి వస్తున్నాం. ఇప్పటిదాకా బడుల లెక్క చూశాం, పిల్లల లెక్క చూశాం. అయ్యవారి సంగతి అడగలేదు. చాప మీద కూర్చుని చెప్పే ఆ మనిషి తాను ఎక్కడ నేర్చుకున్నాడు? ఎవరి దగ్గర నేర్చుకున్నాడు? అందుకోసం ఎంత దూరం పోవలసి వచ్చింది?

ఆఖరి ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాను. 1910 ప్రాంతంలో రాయదుర్గం వైపు నుంచి డిగ్రీ దాకా చదివిన యువకుడు ఎవరైనా హైస్కూలు పంతులు కావడానికి ఎల్.టి. పట్టా పుచ్చుకోవాలంటే అతనికి రెండే దారులు. ఒకటి మద్రాసు పక్కనున్న సైదాపేట. రెండోది గోదావరి ఒడ్డున రాజమండ్రి. కొండకోట కింద బండి ఎక్కి, బళ్లారిలో దిగి, అక్కడినుంచి ఒకటో రెండో రైళ్లు మారి, తన మాట యాసను వింతగా చూసే ఊరికి చేరాలి. దారి ఖర్చు, అక్కడ తిండి ఖర్చు, ఇంటి దగ్గర కరువు. ఆ ఏడాది గట్టెక్కినవాడే పంతులు. దత్తమండలాల చదువు వెనకబడిందని ఇప్పటికీ వింటూ ఉంటాం. పిల్లల్లో లోటు వెతికేవాళ్లు ఈ దూరాన్ని ఒకసారి కొలిచి చూడాలి.

ఇక మొదటినుంచి వద్దాం.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, ఒక్కో జిల్లాలో బడులెన్ని, చదివేవాళ్లెందరు అని కలెక్టర్లను లెక్క అడిగాడు. బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టు 17న పంపిన జవాబు ఆ లెక్కలన్నిట్లోకీ వివరమైనది. క్యాంప్‌బెల్ తెలుగు బాగా చదువుకున్నవాడు, తెలుగుకు వ్యాకరణం రాసినవాడు. ఇప్పటి అనంతపురం ప్రాంతం కూడా అప్పట్లో బళ్లారి జిల్లాలోనే ఉండేది. ఆ అంకెలు రెండో భాగంలో ఇచ్చినవే అయినా ఇక్కడ మళ్లీ చెప్పక తప్పదు. 9,27,857 మంది జనానికి 533 బడులు, 6,641 మంది పిల్లలు. అంటే బడికి పన్నెండు మంది, వెయ్యి మంది జనంలో ఏడుగురికి కాస్త పైన. 235 కన్నడ బడులు, 226 తెలుగు బడులు, మరాఠీ 23, సంస్కృతం 23, పారశీకం 21, అరవం 4, ఇంగ్లీషు ఒకే ఒక్కటి. ఆడపిల్లలు అన్ని బడుల్లోనూ కలిపి 60 మంది.

కన్నడ, తెలుగు అంకెలు ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయో చూడండి. రాయదుర్గం సీమలో ఈ రెండు భాషలూ ఒకే వీధిలో బతికాయి. ఇక్కడ అయ్యవారంటే రెండు నోళ్లతో పాఠం చెప్పగలిగినవాడు. ఈ సంగతి ముందుముందు మళ్లీ అవసరపడుతుంది.

క్యాంప్‌బెల్ అంకెలతో ఆగిపోలేదు. బడి లోపల కూర్చుని చూసినట్టే రాశాడు. ఐదో ఏట పిల్లవాణ్ని బడిలో వేసే రోజున అయ్యవారూ బడిపిల్లలూ ఆ ఇంటికి వస్తారు, వినాయకుడి ముందు కూర్చుంటారు, పిల్లవాడి వేలు పట్టుకుని బియ్యంలో అక్షరాలు దిద్దిస్తారు. పొద్దున ఆరింటికే బడి మొదలు. ముందుగా వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్నా చుడతారు, మెప్పూ లేదు తప్పూ లేదని. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చినవాడికల్లా ఒక్కొక్కటి ఎక్కువ. మొండికేసినవాడికి కోదండం, లేకపోతే గుంజీళ్లు. ఇసుకలో వేలితో రాయడం వచ్చాక పలక. ఆ తర్వాత కడితం. గుడ్డకు గంజి పట్టించి, బొగ్గూ జిగురూ కలిపి పూసి, పుస్తకంలా మడతలు పెట్టిందాన్ని కడితం అంటారు. దాని మీద బలపంతో రాసి, తడిగుడ్డతో తుడిచి, మళ్లీ రాయవచ్చు. మన సీమ షావుకార్ల పద్దులు చాలాకాలం ఈ కడితాల మీదే నడిచాయి.

ఒక్క అయ్యవారు ఇంతమందికి ఎలా చెప్పేవాడు? కాస్త ముందు నేర్చినవాడు వెనకవాడికి చెబుతాడు, పెద్ద తరగతిని అయ్యవారు చూసుకుంటాడు. ఖర్చు తక్కువ, పని జరుగుతుంది. ఈ పద్ధతిని క్యాంప్‌బెల్ మెచ్చుకుని, ఇంగ్లండులో దీన్ని అనుకరించడం సబబేనని రాశాడు.

ఆ అనుకరణ ఎలా జరిగిందో చూస్తే కథ చాలా దూరం పోతుంది. 1789లో మద్రాసు ఎగ్మూరులోని సైనికుల పిల్లల అనాథాశ్రమానికి ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు పాదిరీ అధికారిగా వచ్చాడు. ఒకనాటి ఉదయం గుర్రం మీద పోతూ, ఒక వీధిబడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు రాయడం చూశాడు. తన ఆశ్రమంలోనూ అలా చెప్పమని ఉపాధ్యాయుడికి చెబితే ఆయన మొగ్గు చూపలేదు. అప్పుడు బెల్, జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ల సిపాయి కొడుకును పిలిచి ఆ పని అప్పగించాడు. పిల్లవాడు చేసి చూపించాడు. బెల్ 1796లో తిరిగి వెళ్లి, మరుసటి ఏడే దీని మీద పుస్తకం అచ్చువేశాడు. దానికి మద్రాసు పద్ధతి అని పేరొచ్చింది. లండన్‌లో జోసెఫ్ లాంకాస్టర్ అనే క్వేకరు ఇలాంటి బడే పెట్టి వందల మంది పేద పిల్లలకు ఒకే గదిలో చదువు చెప్పించాడు. 1806లో న్యూయార్కులో పేద పిల్లల కోసం తెరిచిన ఉచిత పాఠశాల లాంకాస్టర్ పద్ధతిలోనే నడిచింది. 1818లో లాంకాస్టరే అమెరికా చేరాడు, 1838లో న్యూయార్కులోనే కన్నుమూశాడు. మన పల్లె అరుగుల మీద పుట్టిన ఒక పద్ధతి అట్లాంటిక్ దాటింది. దాన్ని కనిపెట్టిన అయ్యవార్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

అయితే ఈ పద్ధతికి లోపం ఉంది, దాన్నీ క్యాంప్‌బెల్ దాచలేదు. పిల్లలు పద్యాలు వల్లె వేస్తారు, అర్థం తెలియదు. అర్థం చెప్పవలసిన అయ్యవారికే చాలాచోట్ల తెలియదు. పుస్తకాల భాష ఒకటి, మాట్లాడే భాష ఇంకొకటి. ఒకప్పుడు బడులున్న ఊళ్లలో ఇప్పుడు బడులు లేవని కూడా రాశాడు, దానికి కారణం దేశం పేదదైపోవడమేనన్నాడు. ఒక కలెక్టరు తన ప్రభుత్వానికి ఇలా రాయడానికి ధైర్యం కావాలి.

ఈ నివేదికలన్నీ చదివి మన్రో 1826 మార్చి 10న ఒక పథకం వేశాడు. అందులో ముందు కట్టవలసింది పిల్లల బడి కాదు, పంతుళ్ల బడి. 20 జిల్లాలనుంచి ఇద్దరిద్దరు చొప్పున 40 మందిని మద్రాసు రప్పించి తర్ఫీదు ఇవ్వాలి. వాళ్లు జిల్లా బడులు నడపాలి, ఆ తర్వాత తహసీలుకొకటి చొప్పున 300 బడులు. జిల్లా బడి పంతులుకు నెలకు 15 రూపాయలు, తహసీలు బడి పంతులుకు 9 రూపాయలు. దత్తమండలాలకు మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా 1800 నుంచి ఏడేళ్లు పల్లెపల్లె తిరిగిన మనిషి కాబట్టి ఆయనకు అసలు కొరత ఎక్కడుందో తెలుసు. కానీ 1827 జులైలో దత్తమండలాల పర్యటనలోనే, పత్తికొండలో, కలరాతో పోయాడు. 1836 నాటికి తహసీలు బడులు ఎత్తేశారు.

సరిగ్గా ఆ సమయానికి అమెరికావాళ్లు లాంకాస్టర్ పద్ధతిలోని లోపాన్ని గట్టిగా పట్టించుకున్నారు. పిల్లవాడికి పిల్లవాడు చెబితే చాలదు, చెప్పడమనే పని వేరే నేర్చుకోవాలి అన్నారు. మసాచుసెట్స్ రాష్ట్ర విద్యాబోర్డు కార్యదర్శి హొరేస్ మాన్ పూనిక మీద 1839 జులై 3న లెక్సింగ్టన్‌లో మొదటి ప్రభుత్వ నార్మల్ స్కూలు, అంటే పంతుళ్ల బడి, తెరిచారు. మొదటి రోజు చేరింది ముగ్గురు ఆడపిల్లలు. ముగ్గురితో మొదలైన ఆ పని ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి రాష్ట్రరాష్ట్రానికీ పాకింది.

అమెరికా కథలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఆ బడుల్ని వాళ్లు ఎక్కడ పెట్టారన్నది. పెద్ద నగరాల్లోనూ పెట్టారు, కానీ చాలా నార్మల్ స్కూళ్లు చిన్న ఊళ్లలో వెలిశాయి. కొలరాడోలో గ్రీలీ అనే ఊరుంది. రాకీ పర్వతాలకు తూర్పున, వానలు అంతంతమాత్రంగా పడే మెట్ట మైదానం. 1870లో కొందరు కలిసి ఆ ఊరు కట్టుకున్నారు, నదినుంచి కాలువలు తవ్వుకుని పంటలు తీశారు. ఊరికి ఇరవై ఏళ్లు నిండేసరికి అక్కడ రాష్ట్ర నార్మల్ స్కూలు వచ్చింది. 1911లో అది టీచర్స్ కాలేజీ అయింది. ఆ మెట్ట పల్లెల రైతు కూతురు పంతులమ్మ కావడానికి తూర్పు తీరానికి పోనక్కర్లేదు. అదే నేల మీద నేర్చుకుని, అదే నేల మీది ఒంటిగది బడికి పోయి చెప్పింది. రాయదుర్గం వంటి ఊరి గురించి రాస్తూ గ్రీలీని తలచుకోకుండా ఉండలేకపోయాను.

1900 తర్వాత ఆ దేశంలో మార్పు ఇంకా వేగం అందుకుంది. అంతకుముందు ప్రాథమిక చదువు ముగించి నార్మల్ స్కూల్లో చేరే వీలుండేది. ఇప్పుడు హైస్కూలు పూర్తి చేయాలన్నారు. రెండేళ్ల చదువు నాలుగేళ్లయింది, నార్మల్ స్కూళ్లు డిగ్రీలిచ్చే టీచర్స్ కాలేజీలయ్యాయి. కాలేజీ ఆవరణలోనే పిల్లల బడి ఒకటి పెట్టి, కాబోయే పంతులు రోజూ అక్కడ పాఠం చెప్పి చూపించాలన్నారు. పనిలో ఉన్న పంతుళ్లకు వేసవి సెలవుల్లో కోర్సులు నడిపారు. న్యూయార్కులో కొలంబియా విశ్వవిద్యాలయానికి అనుబంధమైన టీచర్స్ కాలేజీ వీటన్నిటికీ తలమానికమైంది. ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అక్కడ నేర్చుకోవడమనే పనిని ప్రయోగాలతో కొలిచాడు. 1904లో జాన్ డ్యూయీ షికాగో వదిలి కొలంబియాకు వచ్చాడు. పిల్లవాడు పని చేస్తూ నేర్చుకోవాలని ఆయన వాదం. ఆయన శిష్యుడు విలియం కిల్‌పాట్రిక్ 1918లో ప్రాజెక్టు పద్ధతి మీద రాసిన వ్యాసం ప్రపంచమంతా తిరిగింది. ఈ రోజు మన ప్రభుత్వ బడిలో పిల్లవాడు అట్టముక్కలతో ప్రాజెక్టు చేసుకుని వస్తున్నాడంటే దాని మూలం అక్కడుంది. 1913 నుంచి 1916 దాకా కొలంబియాలో చదివిన అంబేడ్కర్ డ్యూయీ పాఠాలు విన్నాడు, ఆ ప్రభావాన్ని జీవితమంతా మోశాడు.

అలబామాలో టస్కీగీ సంగతి కూడా చెప్పాలి. 1881లో బుకర్ టి. వాషింగ్టన్ అధిపతిగా నల్లజాతి పంతుళ్ల కోసం అది మొదలైంది. విద్యార్థులే ఇటుకలు కాల్చి తమ తరగతి గదులు కట్టుకున్నారు. తరతరాలుగా అక్షరం ముట్టనివ్వని జనానికి వాళ్లలోంచే పంతులు రావాలన్నది అక్కడి పట్టుదల.

ఇది మనకు పరాయి కథ కాదు. క్యాంప్‌బెల్ లెక్కలోని బడులు గొప్పవే, కానీ మాల మాదిగ పిల్లలకు ఆ అరుగుల మీద చోటు లేదు. ఆ తలుపు మొదట గట్టిగా తట్టినవాళ్లలో అమెరికన్ మిషనరీలున్నారు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు జాన్ క్లౌ, 1876–78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్న వేలమందికి కూలి ఇచ్చాడు. 1878 జులై 3న ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మతం మాట ఎలా ఉన్నా, ఆ జనం వాడలకు బడులు కావలసి వచ్చాయి, బడులకు పంతుళ్లు కావలసి వచ్చారు. అగ్రహారం అయ్యవారు ఆ వాడకు పోడు. అందుకని ఆ వాడల్లోని కుర్రవాళ్లకే, కొన్నిచోట్ల ఆడపిల్లలకే, తర్ఫీదు ఇచ్చే బడులు పెట్టారు. బాపట్లలో బాప్టిస్టుల ట్రెయినింగు స్కూలు అలా వచ్చిందే. 1842లో హయ్యర్ అనే అమెరికన్ లూథరన్ పాదిరీ గుంటూరు చేరి వేసిన బీజం 1885లో అక్కడ కాలేజీ అయింది, ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీగా మనకు తెలిసినది అదే. సీమ వైపు చూస్తే, కర్నూలులో కోల్స్ హైస్కూలు బాప్టిస్టులది. మదనపల్లె అమెరికన్ ఆర్కాటు మిషన్‌ది. బళ్లారిలో మాత్రం లండన్ మిషన్‌వాళ్లు, 1810 నుంచీ. రాయదుర్గం పిల్లలకు అందుబాటులో ఉన్న బళ్లారి వార్డ్‌లా విద్యాసంస్థ వాళ్లదే.

ఇక్కడ ఒక విద్యార్థి కథ చెబుతాను. తిరుత్తణిలో పుట్టిన తెలుగు కుర్రవాడు. తిరుపతిలో జర్మన్ లూథరన్ల బడిలో చదివి, 1900లో వేలూరు చేరాడు. అక్కడి వూర్హీస్ కాలేజీ అమెరికన్ ఆర్కాటు మిషన్ నడిపింది. నాలుగేళ్ల తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి పోయి తత్త్వశాస్త్రం ఎం.ఎ. చేశాడు. 1909లో ప్రెసిడెన్సీ కాలేజీలో చిన్న ఉద్యోగం. సర్కారు కొలువులో ఉండాలంటే పంతులు పని నేర్చుకు రావాలన్నారు, 1910లో సైదాపేట ట్రెయినింగు కాలేజీకి పంపారు. మనస్తత్వశాస్త్రంలో ఆ కుర్రవాడికున్న పట్టు అక్కడ అందరికీ తెలిసింది. తోటి పంతుళ్లకు ఆయనే పాఠాలు చెప్పాడు. 1912లో మనస్తత్వశాస్త్రం మీద ఆయన పుస్తకం అచ్చయింది. 1916లో దత్తమండలాలకు ఎట్టకేలకు సర్కారు కాలేజీ వచ్చినప్పుడు, ఆ ఏడే ఆయన్ను కొద్దికాలం అనంతపురానికి బదిలీ చేశారు. ఆయన సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన పుట్టినరోజున దేశమంతా టీచర్స్ డే జరుపుకుంటుంది. ఆయన సీమలో పాఠం చెప్పిన సంగతి అనంతపురం దాటితే చాలామందికి తెలియదు.

1916లో అనంతపురంలో తెరిచిన ఆ కాలేజీని దత్తమండల కాలేజీ అన్నారు. ఇప్పటి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ అదే. నిజాం ఈ జిల్లాల్ని కుంపిణీకి దత్తం చేసింది 1800లో. సర్కారు కాలేజీ రావడానికి 116 ఏళ్లు పట్టింది. శిస్తు వసూలు చేసిన ప్రభుత్వం ఇంతకాలం ఆలస్యం చేసిందంటే, అది అన్యాయమని చెప్పడానికి నాకు సంకోచం లేదు. కాలేజీ వచ్చాక ఏమైందో చూడండి. ఇల్లూరు రైతు కుటుంబంనుంచి నీలం సంజీవరెడ్డి ఇక్కడికొచ్చి చేరాడు, గాంధీ పర్యటన ప్రభావంతో చదువు వదిలి ఉద్యమంలో దూకాడు. ఒకే చిన్న కాలేజీలో రాష్ట్రపతి కాబోయే పంతులూ, రాష్ట్రపతి కాబోయే విద్యార్థీ వేర్వేరు కాలాల్లో మెలిగారు.

ఈ కాలేజీలో తెలుగు చెప్పిన చిలుకూరి నారాయణరావు గురించి ఒక భాగమంతా రాయాలి, రాస్తాను. విశాఖ వైపు నుంచి వచ్చి సీమవాసి అయిపోయిన మనిషి. 1937లో వెలువడిన ఆంధ్ర భాషా చరిత్రము ఆయనది. గిడుగు రామమూర్తి పంతులు వ్యావహారిక భాష కోసం చేసిన పోరాటంలో ఆయనా నిలబడ్డాడు. ఆ పోరాటం మొదలైంది కూడా బడిలోనే. ఉత్తరాది జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె. ఎ. యేట్స్, పంతుళ్లు పాఠం చెప్పే తెలుగు ఒకటీ వాళ్లు మాట్లాడే తెలుగు ఇంకొకటీ ఎందుకైందని అడిగాడు. గురజాడ, గిడుగు, పి. టి. శ్రీనివాస అయ్యంగార్ ఆ ప్రశ్నను వదలలేదు. బళ్లారిలో క్యాంప్‌బెల్ 1823లో చూసిన లోపమే ఇది. దాన్ని సరిచేసే పని పంతుళ్ల చేతుల మీదుగానే మొదలవడం ఎంతో ఉచితం. 1928 నవంబరులో నంద్యాల సభలో దత్తమండలాలకు రాయలసీమ అన్న పేరు ప్రతిపాదించిందీ ఈ చిలుకూరే.

సీమ పంతుళ్ల మాట వచ్చాక గాడిచర్ల హరిసర్వోత్తమరావు దగ్గరకు రావాలి. ఈ భాగమంతా నేను ఆయన కోసమే రాస్తూ వచ్చానేమో. 1883లో కర్నూలులో పుట్టాడు. 1906లో మద్రాసులో ఎం.ఎ. చేశాడు. పంతులు కావాలనుకున్నాడు, సీమలో ట్రెయినింగు కాలేజీ లేదు కాబట్టి రాజమండ్రి పోయాడు. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చాడు. ఆయన ఇంగ్లీషు ఉపన్యాసాల్ని చిలకమర్తి లక్ష్మీనరసింహం తెలుగులో వినిపించాడు. విద్యార్థులు వందేమాతరం బిళ్లలు ధరించి క్లాసులకు వచ్చారు. ప్రిన్సిపాలు మార్క్ హంటర్ తీసివేయమన్నాడు. వాళ్లు వినలేదు. ముందు నిలిచినవాడు గాడిచర్ల. కాలేజీనుంచి వెళ్లగొట్టారు, సర్కారు కొలువుకు పనికిరాడన్నారు. పంతులు కావడానికి అంత దూరం పోయినవాడికి పంతులు పని మూసుకుపోయింది.

మరుసటి ఏడు బెజవాడలో స్వరాజ్య పత్రిక నడిపాడు. తిరునల్వేలి కాల్పుల మీద రాసిన సంపాదకీయానికి రాజద్రోహం కేసు పెట్టారు. మొదట ఆరు నెలలు వేసిన శిక్షను పైకోర్టులో మూడేళ్లకు పెంచారు. వేలూరు జైలులో గడిపాడు. బయటికొచ్చాక ఆయన చేసిన పనులు చూస్తే, రాజమండ్రిలో ఆగిపోయిన ఆ పాఠాన్ని జీవితమంతా కొనసాగించినట్టు ఉంటుంది. గ్రంథాలయోద్యమంలో దిగాడు. వయోజన విద్య కోసం ఊరూరా తిరిగాడు. పగలంతా సేద్యం చేసి సాయంత్రం వచ్చి కూర్చున్న పెద్దవాళ్లకు ఎలా చెప్పాలి, ఏ పుస్తకం ఇవ్వాలి, చెప్పేవాణ్ని ఎలా తయారు చేయాలి అన్నదే ఆయన ఆలోచన. పట్టా దక్కని ఆ పంతులు తెలుగు దేశంలో ఎందరో పంతుళ్లను తయారు చేశాడు. 1960 ఫిబ్రవరి 29న ఆయన పోయేనాటికి అక్షరం నేర్చిన రైతులు పల్లెపల్లెనా ఉన్నారు.

సీమ నాయకులు ఈ దూరం బాధను రాజకీయంగానూ అడిగారు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇల్లు శ్రీబాగ్‌లో కుదిరిన ఒడంబడికలో, నీళ్ల మాటకంటే ముందే విశ్వవిద్యాలయం మాట ఉంది. వాల్తేరులో ఒకటి, అనంతపురంలో ఒకటి కేంద్రాలుగా పెంచాలన్నారు. అనంతపురానికి సొంత విశ్వవిద్యాలయం, శ్రీకృష్ణదేవరాయ పేరుతో, 1981లో వచ్చింది. ఒప్పందానికీ దానికీ నడుమ 44 ఏళ్లు.

ఇక రాయదుర్గం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు బళ్లారి జిల్లాను చీల్చారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, మిగతావి మైసూరుకు పోయాయి. ఆదోని, ఆలూరు కర్నూలులో కలిశాయి, రాయదుర్గం అనంతపురంలో కలిసింది. అప్పటిదాకా ఈ తాలూకా కోర్టుకూ కాలేజీకీ చూసిన దిక్కు బళ్లారి. ఆ రోజునుంచి బళ్లారి పరాయి రాష్ట్రం. రెండు భాషలూ ఒకే అరుగు మీద చెప్పిన అయ్యవారి వారసులు ఇప్పుడు రెండు ప్రభుత్వాల మధ్య పడ్డారు. రాయదుర్గం, డి. హీరేహాళ్, బొమ్మనహాళ్ వైపు ప్రభుత్వ కన్నడ బడులు ఈనాటికీ నడుస్తున్నాయి. వాటికి కన్నడంలో తర్ఫీదు పొందిన పంతులు కావాలి, అతనికి తెలుగులో నడిచే కార్యాలయం భాషా తెలియాలి.

అనంతపురం జిల్లా పంతుళ్ల శిక్షణ సంస్థను (డైట్) బుక్కపట్నంలో పెట్టారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు బుక్కపట్నం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది, రాయదుర్గం అనంతపురంలోనే ఉంది. కన్నడ బడుల అయ్యవార్లు 1953 తర్వాత ఎక్కడ నేర్చుకున్నారు, వాళ్ల పుస్తకాలు ఎక్కడినుంచి వచ్చాయి అన్నది వచ్చే భాగంలో.